ఉండు

రాత్రి రెండున్నర. బీర్షెబా ఆసుపత్రి, అడుగు అంతస్తులో ల్యాబు.
గళ్ళు గీసిన గాజు మీద
ముసల్లం తెల్లకణాలు.
పక్కనున్నవి వాడి అన్న నాయిఫ్‌వి.
ఒకే కడుపు, ఒకే పళ్ళెంలో రొట్టె,
నిన్న ఒకే గంటలో దిగిన సూదులు.

సూది దిగినప్పుడు నాయిఫ్ పళ్ళు బిగించాడు.
ముసల్లం అన్న మొహం వంక చూసి
కాసేపు ఆలోచించి
"ఆ" అన్నాడు,
అందరూ నవ్వి ఊరుకున్నాక
మర్యాదకి నవ్వే చుట్టంలా.

ఏడేళ్ళు వాడికి.
రెండో ఏట కాఫీ కాచే నిప్పుల మీద నిలబడి
అమ్మకేసి చూసి నవ్వాడు.
సబ్హాకి సంగతి చెప్పింది కమురు వాసన.
పళ్ళొచ్చిన కొత్తలోనే నాలుక కొస పోయింది.
చెమట పట్టదు.
నెగెవ్‌లో వేసవి దిగితే
గంటకోసారి చొక్కా తడిపి తొడుగుతుంది తల్లి,
ఆరేలోపు ఇంకొకటి పిండుతూ.

సలుపు, పోటు, తీపు, మంట, గుంజు.
ఇంట్లో మేకలకి కూడా తెలిసిన మాటలు.
వాడి ఒంటికి ఒక్కటీ రాదు.

మడమ ఎముకలో చీము చేరి ఐదు నెలలు.
దెబ్బ తెలీక దాని మీదే నడుస్తాడు, అందుకే మానదనుకున్నాం.
అదీ నిజమే.
కానీ ఆరు వారాలు మంచం దిగనివ్వకపోయినా మానలేదు.
అప్పుడు డాక్టర్ జివా అంది:
"పుండుని చూసింది చాలు,
కాపలాకి వెళ్ళినవాళ్ళు ఎంతసేపు బతుకుతున్నారో చూడు."

కడుపులో పిండం ఉండగా లేత నరాల దగ్గరికి
ఒక ప్రోటీను వచ్చి చెబుతుంది: ఉండు.
విన్న నరం ఉంటుంది.
వినలేనిది రాలిపోతుంది.
ముసల్లం నరాలకి ఆ చెవి లేదు.
అమ్మా నాన్నా అన్నదమ్ముల బిడ్డలు;
చెరొకరిలో చప్పుడు చేయకుండా పడుకున్న తప్పక్షరం
వాడిలో జతకూడింది.

నరాల పేర వచ్చిన ఆ ఉత్తరం
రక్తంలోనూ చదువుకుంటారని
నేను చదువుకునే రోజుల్లో ఎవరూ గట్టిగా చెప్పలేదు.
తెల్లకణానికీ అదే చెవి, అదే మాట.
ఉండు, ఇంకో పూట ఉండు, పని ఉంది.

నిన్న సాయంత్రం రెండు గిన్నెల్లోనూ
ఆ ప్రోటీను చుక్కలు వేశాను.
నాయిఫ్ కణాలు తెల్లవార్లూ నిలిచేలా ఉన్నాయి.
ముసల్లం కణాల మీద
అది మూసిన తలుపు మీద వాన.

నీలిరంగు కలిపి లెక్కపెడతాం.
బతికిన కణం రంగుని గడప దాటనివ్వదు.
చచ్చినది తలుపు బార్లా తీస్తుంది.
కుడి బొటనవేలితో బతికినవి నొక్కాలి, ఎడమతో పోయినవి.
నాయిఫ్ లెక్కకి కుడివేలు అలిసింది.
ఇప్పుడు ఎడమది.
కీలు దగ్గర సలుపు మొదలైంది.
దాన్ని చూసి నాకు సిగ్గేసింది, ఎందుకో తెలీదు.

పైన నాలుగో అంతస్తులో సబ్హా మేలుకునే ఉంటుంది.
రోజూ ఈ వేళకి టార్చి వెలుగులో
వాడి ఒళ్ళంతా వేళ్ళతో తడుముతుంది,
కాలివేళ్ళ సందులు, చెవుల వెనక, చిగుళ్ళు.
వాడు నిద్రలో కాలు లాక్కుంటే
"ఉండు, కదలకు" అంటుంది.

మొన్న వరండాలో అడిగింది నన్ను:
"వాడికి తెలీదు సరే.
వాడి రక్తానికైనా తెలుస్తుందా నొప్పి?"
నాకు అరబీలో సమాధానం దొరకలేదు,
మా అమ్మ మాట్లాడిన భాషే అయినా.
ఫలితం వచ్చాక చెబుతానన్నాను.

రెండు వందల పన్నెండు.
రెండు వందల పదమూడు, నీలం.
పద్నాలుగు, నీలం.
ఆఖరి గడి మూల
ఒకటి ఇంకా తెల్లగా మెరుస్తోంది,
అంచు కొద్దిగా వణుకుతూ.

కుడివేలు మీట మీద పెట్టాను.
నొక్కలేదు.
గదిలో ఎవరూ లేరు కదా అని
పైకే అన్నాను.